నీళ్లిచ్చిన పిల్లని తిట్టడమేంటండీ?

ఇప్పుడే, మధ్యాహ్నం రెండున్నరకి, బెంగళూరు మారతహళ్లిలో ఓ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసింది ఇది. మూడో నాలుగో క్లాసు చదివే పాప, పార్సిల్ తెచ్చినతనికి తన స్టీలు బాటిల్ మూత తీసి ఇచ్చింది. "అంకుల్, తాగండి, చల్లగా ఉన్నాయి" అంది. ఆయన హెల్మెట్ తీసి, పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. ఈలోపు వాళ్లమ్మ వచ్చి బాటిల్ లాక్కుని, మిగిలిన నీళ్లు మొక్కల్లో పారబోసింది. ఆయన ముందే! "ఎవరికి పడితే వాళ్లకి ఇచ్చేస్తావా?" అని పిల్లని రెక్క పట్టుకుని తీసుకెళ్లింది.

ఏం తప్పు చేసిందండీ ఆ పాప? ఎండన పడి వచ్చిన మనిషికి దాహమేస్తుందని దానికి తెలిసింది, మనకి తెలియలేదు.

ఎంగిలి భయమా? దానికి మన పెద్దవాళ్లు ఎప్పుడో దారి చూపించారు, చలివేంద్రం. ఇక్కడ కన్నడంలో అరవట్టిగె అంటారు. గేటు పక్కన నీడలో ఓ మట్టికుండ చాలు. కుళాయి ఉన్నదే తీసుకోండి. గ్లాసుతో ముంచే కుండైతే పదిమంది చేతులు పడి నీళ్లు పాడవుతాయి. రంగు పూసింది వద్దు, మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతే నీళ్లు చల్లబడవు. కొత్త కుండని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. రోజూ పొద్దున్నే పాత నీళ్లు చెట్లకి పోసి, లోపల పీచుతో రుద్ది, మంచినీళ్లు నింపాలి. సబ్బు తగలనివ్వకండి, మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది. గ్లాసుల్ని గొలుసుతో కట్టేయకండి, కడగడం కుదరదు. గ్లాసులు కడిగే పని ఎనిమిదేళ్ల పిల్ల హాయిగా చేస్తుంది, ఇష్టంగా చేస్తుంది.

అసలు కోపం స్కూళ్ల మీద కూడా ఉంది. ఇంట్లో జాలిని తిట్టి అణిచేస్తాం, స్కూల్లో ఏడాదికోసారి సర్క్యులర్ పంపి అదే జాలిని తెమ్మంటారు. పాత బట్టల సంచితో ఫొటో. సంచిలో ఏముంటుంది? ఎలాస్టిక్ సాగిపోయిన ప్యాంట్లు, జత లేని సాక్సులు. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాత బట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి, ఎవరికీ పనికిరాక. ఇచ్చేదేదో పిల్లలతో కూర్చుని సరిగ్గా సర్దండి. ఉతికి, బాగా ఎండలో ఆరబెట్టాలి. కాస్త తేమ ఉన్నా మూట కట్టాక బూజు పట్టేస్తుంది. ఊడిన గుండీలు కుట్టండి, జిప్పు లాగి చూడండి. చెప్పులు జతగా తాడుతో కట్టండి. మూట మీద "ఆడపిల్ల, 8 ఏళ్లు" అని పెద్దగా రాస్తే విప్పేవాళ్లకి వెతుకులాట తప్పుతుంది. లోదుస్తులు మాత్రం కొత్తవే ఇవ్వాలి.

ఇక సిల్క్ బోర్డు సిగ్నల్లో పెన్నులమ్మే పిల్లాణ్ణి చూసి "వాడు స్కూలుకెళ్లడా అమ్మా?" అని అడిగితే కారు అద్దం ఎక్కించేస్తాం. ఆ ప్రశ్నకి జవాబు ఉంది కదా! 1098, పిల్లల హెల్ప్‌లైన్. ఫోన్‌కి డబ్బులు పడవు, రాత్రైనా తీస్తారు. ఏ సిగ్నలు, రోడ్డుకి ఏ వైపు, ఎన్నింటికి చూశారు, సుమారు వయసెంత, ఏ రంగు చొక్కా, ఇవి చెప్పండి. "పాపం పిల్లలు" అంటే వాళ్లు ఎక్కడని వెతుకుతారు? ఫోను స్పీకర్లో పెట్టి మీ పిల్లని విననివ్వండి.

ఆ పాప వాళ్లమ్మగారూ, ఇది చదివితే సాయంత్రం కుండ కొనడానికి పిల్లని వెంట తీసుకెళ్లండి. వేలితో కొట్టి చూడమనండి. ఖంగుమంటే పగులు లేనట్టు.