13,280 గారికి ఒక విన్నపం

హైదరాబాద్–షికాగో విమాన దూరం, అనగా మహారాజశ్రీ 13,280 కిలోమీటర్లు గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఎలాగూ క్షేమమే. శంషాబాద్ కదలదు, షికాగో విమానాశ్రయం ఓహేర్ కదలదు, కాబట్టి మీరూ కదలరు. మిమ్మల్ని కాకిలెక్క అనే ధైర్యం ఎవరికీ లేదు. బాధల్లా మిమ్మల్ని విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లతో భాగించేసి, "పద్నాలుగుం ముప్పావు గంటలే" అని చెప్పుకు తిరిగేవాళ్లతోనే. 2021లో ఎయిర్ ఇండియా నేరుగా విమానం వేసినప్పుడు కూడా వెళ్లడానికి పదహారు గంటలు దాటేది. ఆ సర్వీసు తర్వాత తీసేశారు. మీరు మాత్రం చెక్కుచెదరలేదు.

గ్లోబు మీద దారం బిగించి పట్టుకుంటే మీ అసలు దారి బయటపడుతుంది: కశ్మీర్, మధ్య ఆసియాలోని పామీర్ కొండలు, రష్యాలోని ఉరల్ కొండలు, అక్కణ్నుంచి 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ మీదుగా కిందికి. గోడ మ్యాపులో వంకరగా కనిపించే గీతే నిజానికి తిన్ననిది. ఇంతవరకూ మీదే రైటు.

కానీ పామీర్‌లో ఏడువేల మీటర్లు దాటిన శిఖరాలున్నాయే! క్యాబిన్‌లో పీడనం పోతే పైలట్ వెంటనే పదివేల అడుగులకు, అంటే మూడువేల మీటర్లకు దించాలి. నెత్తి మీంచి జారే పసుపు మాస్కులో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంటకు అటూ ఇటూ. ఆలోగా దిగుదామంటే కింద కొండ. అందుకే తప్పించుకునే దారి ముందే గీసుకోనిదే అటు పోరు, చుట్టు తిరుగుతారు. పైగా ఆకాశానికీ గేట్లున్నాయి. 2022లో రష్యా ఐరోపా విమానాలకు మూసింది, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మనవాటికి మూసింది.

ఇక ఆ 900. అది గాలిలో వేగం, నేల మీద కాదు. ఎదురుగాలి వంద ఉంటే జరిగేది ఎనిమిది వందలే. దారి పొడుగునా అలాగే వీస్తే గంటా యాభై నిమిషాలు అదనం. తిరుగు ప్రయాణం తరచూ త్వరగా అవడానికి కారణం ఆ గాలే. మరో సంగతి, టికెట్టు మీది సమయం రన్‌వే నుంచి మొదలవదు. గేటు దగ్గర్నుంచి వెనక్కి నెట్టిన క్షణం నుంచి అవతలి గేటులో ఆగేదాకా అంతా లెక్కే.

అన్నట్టు, లండన్‌లో విమానం మారితే మొత్తం సుమారు 14,100 కిలోమీటర్లు, దోహాలో మారితే 14,370. లండన్ దారి మీకన్నా ఎనిమిది వందల పైచిలుకే ఎక్కువ, గంట కూడా ఎగరక్కర్లేదు. అయినా ఒక పూట పోతుందంటే, పోయేది మధ్యలో ఆ ఎయిర్‌పోర్టు కుర్చీకి అతుక్కుని కూర్చున్న నాలుగైదు గంటల్లో. ఆ కుర్చీ ఏ కిలోమీటర్లలోనూ లేదు.

కనుక దూరం గారూ, మీ పక్కన చేరిన ఆ 'ప్రయాణ సమయం' గారిని కాస్త దూరం పెట్టవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తా.క.: మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కి అదే రోజు సాయంత్రం ఆరింటికి షికాగోలో దిగుతామని అప్పట్లో ఆ నేరు విమానం టికెట్టు చూసి, "ఐదు గంటలేగా" అని మురిసిన మావయ్యలకు చెప్పండి: రెండూ స్థానిక సమయాలే. చలికాలమైతే పదకొండున్నర, వేసవైతే పదిన్నర గంటలు కలుపుకోవాలి.