ఊట నీళ్లయినా మరిగించే తాగాలి

ఊట నీటిని నేలే వడకడుతుంది కాబట్టి నేరుగా తాగొచ్చని ఒక వ్యాసంలో రాశారు. ఇది ప్రమాదకరమైన సలహా. సున్నపురాయి నేలల్లో వాన నీరు పగుళ్ల గుండా దాదాపు వడకట్టకుండానే బయటికొస్తుంది. వాన పడ్డాక ఊట బురదరంగు తిరిగినా, ధార ఒక్కసారిగా పెరిగినా పైనీరు కలుస్తున్నట్టే. రాతిలోంచి ఉబికే చోటే నీళ్లు పట్టాలి, దిగువన జంతువుల పేడ కలుస్తుంది. ధార సన్నగా ఉంటే చిన్న గుంట తీసి, నీరు తేరేదాకా ఆగి, అడుగు కదపకుండా తోడాలి. లేదా చీలికలో వెడల్పాటి ఆకు దూర్చి రాయి ఆన్చితే సీసాలోకి ధార కడుతుంది. తర్వాత తెర్లుతుండగా 1 నిమిషం, 2,000 మీటర్లు దాటిన ఎత్తులో 3 నిమిషాలు మరిగించాలి. 0.1 మైక్రాన్ (మిల్లీమీటరులో పదివేలవ వంతు) రంధ్రాలున్న ఫిల్టరు బ్యాక్టీరియాను, జియార్డియా అనే పేగు పరాన్నజీవిని ఆపుతుంది కానీ వైరస్‌లను ఆపలేదు. పాత గనుల దిగువనున్న ఊటల జోలికి మాత్రం అసలు పోకండి, లోహాలు మరిగించినా పోవు.