"ఇన్‌కాగ్నిటో ఉండగా దిగులెందుకు" అన్న ఫార్వర్డ్‌కి నా జవాబు

వారం రోజులుగా మా బీచ్ రోడ్డు వాకింగ్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. ముందు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను. తర్వాత గాజువాక నుంచి మా పెద్దమ్మ పంపింది. చివరికి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన, వాకింగ్‌లో మేమంతా బాబాయ్ గారూ అని పిలిచే ఆయన, "నువ్వు కంప్యూటర్ పని చేసేవాడివి కదరా, ఇది నిజమేనా?" అని అడిగారు.

"ప్రైవసీ పేరుతో భయపెట్టేవాళ్ళని నమ్మకండి" అని మొదలవుతుంది అది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. బ్రౌజర్‌లో (సైట్లు చూసే క్రోమ్ లాంటి యాప్‌లో) ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేట్ విండో తెరిచి చూస్తే ఎవరికీ తెలియదు. అడ్రస్ పక్కన తాళం గుర్తుంటే ఆ సైటు నమ్మదగ్గదే. తప్పు చేయనివాడికి దాచుకోవాల్సింది ఏమీ ఉండదు. స్టోర్‌లోంచి దింపుకున్న యాప్‌తో ప్రమాదం లేదు, బయట దొరికేవన్నీ మోసమే, వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు (యాప్‌ని నేరుగా ఫోన్‌లోకి ఎక్కించేవి) నొక్కొద్దు, కంపెనీ ఆ బయటి తలుపు మూసేస్తేనే మంచిది. బ్రౌజర్ ఏదైనా ఒకటే, మార్చినా ఒరిగేదేమీ లేదు. పైగా గూగుల్ డేటా సెంటర్ విశాఖకే వస్తోంది కాబట్టి ఇకమీదట మన డేటా మన ఊళ్ళోనే భద్రంగా ఉంటుంది.

పదిహేనేళ్ళుగా వెబ్‌సైట్లు తయారుచేయడమే నా పని. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. అది రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. అది చదివి నిశ్చింతగా ఉండిపోయేవాళ్ళని తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

ముందు ఇన్‌కాగ్నిటో. అది చేసే పని చాలా చిన్నది. విండో మూసేశాక మీ ఫోన్‌లో హిస్టరీ, కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు మీ ఫోన్‌లో దాచే చిన్న ఫైళ్ళు) మిగలకుండా చూస్తుంది. ఇంట్లో ఒకే ఫోన్ నలుగురు వాడేచోట అది పనికొస్తుంది, కాదనను. కానీ మీరు వెళ్ళిన సైటుకి మీరు వచ్చిన సంగతి తెలుస్తుంది. ఆఫీసు వైఫై అయితే ఆఫీసువాళ్ళకీ, ఇంట్లో అయితే ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మీరు ఏ సైటుకి వెళ్ళారో తెలిసే వీలుంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరవగానే వచ్చే పేజీలోనే ఈ మాట రాసి ఉంటుంది. 2020లో అమెరికాలో గూగుల్ మీద దీని గురించే కేసు పడింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవాళ్ళ సమాచారం కూడా సేకరించారన్నది ఆరోపణ. గూగుల్ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2024 ఏప్రిల్‌లో కోర్టు ముందుకొచ్చిన రాజీ ప్రకారం వందల కోట్ల రికార్డులు తుడిచేయడానికి ఒప్పుకుంది. ఎవరికీ ఏమీ తెలియకపోతే తుడవాల్సినన్ని రికార్డులు ఎక్కడినుంచి వచ్చాయి?

ఇంకో సంగతి. కుకీలు లేకపోయినా మనల్ని గుర్తుపట్టే దారి ఉంది. ఫిషింగ్ హార్బర్‌లో ఏళ్ళతరబడి పనిచేసేవాళ్ళు బోటు నంబరు చదవకుండానే రంగూ వాటమూ చూసి అది ఎవరిదో చెప్పేస్తారు. మీ బ్రౌజర్ కూడా స్క్రీన్ సైజు, ఫాంట్లు, భాష, టైమ్ జోన్, గ్రాఫిక్స్ చిప్ లాంటి వివరాలు అడిగిన ప్రతి సైటుకీ చెబుతుంది. అన్నీ కలిపితే అదే మీ బోటు రంగు. దీన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. 2010లో, ఇంటర్నెట్‌లో జనం హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరీక్షించినప్పుడు తమ సైటుకి వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం ఒకదాన్ని పోలి ఇంకొకటి లేకుండా ఉన్నాయి. ఇన్‌కాగ్నిటో విండో తెరిచినంత మాత్రాన ఈ రంగు మారదు.

తాళం గుర్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ ఫోన్ నుంచి ఆ సైటు దాకా దారిలో ఎవరూ చదవలేరు, ఎవరూ మార్చలేరు అని మాత్రమే దాని అర్థం. దారి చివర కూర్చున్నవాడు మంచివాడని కాదు. దొంగ బ్యాంకు సైటుకి కూడా ఆ తాళం తెచ్చే సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట, "తప్పు చేయనివాడికి దాచుకునేదేముంది" అన్నది.

మా కింద వాటాలో ఒక అక్క ఉంది. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేసి, ఫలానా ఆవిడ అప్పు కట్టలేదు, మీరు కట్టిస్తారా లేదా అంటూ నోటికొచ్చినట్టు తిట్టారు. సాయంత్రానికి ఆరేడు నంబర్ల నుంచి అదే పని. అక్క ఏ లోన్ యాప్ వేసుకోలేదు. ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. ఎప్పుడో ఒకసారి జాకెట్ కుట్టించుకున్న ఆవిడ ఫోన్‌లో "టైలర్" అని అక్క నంబరు ఉంది, అంతే. ఆవిడ వేసుకున్న లోన్ యాప్ కాంటాక్టులు అడిగింది, ఆవిడ అలౌ నొక్కింది, లిస్టు మొత్తం వెళ్ళిపోయింది. రాత్రి అక్క ఫోన్ స్విచ్ఛాఫ్ చేసి మా ఇంటికి వచ్చి కూర్చుంది. "నేనేం చేశాను తమ్ముడూ?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆమె ఏ తప్పు చేసింది? ఏం దాచింది? మన ఫోన్‌లో ఉన్నది మన సమాచారం ఒక్కటే కాదు. మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన ప్రతి ఒక్కరిదీ అందులో ఉంటుంది. "నాకు దాచుకునేదేమీ లేదు" అనేవారు వాళ్ళందరి తరఫునా ఆ మాట అంటున్నట్టే. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని ఫైళ్ళు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ లాగ్‌ల జోలికి వెళ్ళకూడదని స్పష్టంగా చెప్పింది. ఇలాంటి బాధలు ఒకటీ రెండూ అయితే ఆ అవసరమే వచ్చేది కాదు. అంతకు ముందే, 2017 ఆగస్టు 24న, సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చింది. తప్పు చేసినవాళ్ళకో చేయనివాళ్ళకో విడిగా ఇచ్చిన హక్కు కాదది.

స్టోర్‌లో ఉంటే సేఫ్ అన్నదానికి కూడా ఇక్కడే జవాబుంది. 2022 సెప్టెంబర్ నుంచి 2023 ఆగస్టు దాకా గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి 2,200కు పైగా లోన్ యాప్‌లు తీసేసిందని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంటే తీసేసేదాకా అవి స్టోర్‌లోనే ఉన్నాయి, జనం దింపుకుంటూనే ఉన్నారు. స్టోర్ వడపోత అక్కరకొస్తుంది గానీ అదే రక్షణ అనుకోకూడదు.

అయితే ఫార్వర్డ్‌లో ఒక మాట నిజం. వాట్సాప్‌లో పెళ్ళి కార్డు అనో ట్రాఫిక్ చలాన్ అనో వచ్చే ఏపీకే ఫైలు నొక్కకూడదు, నొక్కితే బ్యాంకు ఖాతా ఖాళీ కావచ్చు. అది చెప్పినందుకు మెచ్చుకుంటాను. కానీ దాన్నుంచి "బయటివన్నీ మోసం, కంపెనీ తలుపు మూసేస్తేనే మంచిది" అన్న మాటకి వెళ్ళడం సరికాదు. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల భాండాగారం 2010 నుంచి ఉంది. అందులో ఉన్నవన్నీ ఓపెన్ సోర్స్, లోపల ఏముందో తెలిసినవారెవరైనా చదివి చూడొచ్చు. ఇప్పుడు గూగుల్, స్టోర్ బయట యాప్‌లు ఇచ్చే డెవలపర్లు కూడా తన దగ్గర వివరాలు నమోదు చేసుకోవాలనే నియమాన్ని 2025 ఆగస్టులో ప్రకటించింది. దొంగల్ని ఆపడానికే అంటోంది. ఎఫ్-డ్రాయిడ్ వాళ్ళు మాత్రం తమ పనికే ఇది ఎసరు పెడుతుందని అభ్యంతరం చెప్పారు. నేను వాళ్ళ పక్షం. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏం వేసుకోవాలో చివరి మాట కొన్నవాడిది కావాలి.

బ్రౌజర్లన్నీ ఒకటేనా? జగదాంబలో చీరల షాపుకి వెళ్ళారు, డాబాగార్డెన్స్‌లో మందుల షాపుకి వెళ్ళారు, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్‌కి వెళ్ళారు. మూడు గుమ్మాల దగ్గరా ఒకే మనిషి పుస్తకం పట్టుకుని మీరు వచ్చినట్టు రాసుకుంటే ఎలా ఉంటుంది? వెబ్‌లో ఆ పని చేసేది థర్డ్ పార్టీ కుకీ, అంటే మీరు చూస్తున్న సైటు కాకుండా వేరే కంపెనీ పెట్టే కుకీ. దాన్ని ఆపిల్ వాళ్ళ బ్రౌజర్ సఫారీ 2020 మార్చి నుంచి పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ 2022 నుంచి ఏ సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే ఉంచి తాళం వేస్తోంది. క్రోమ్ 2020 జనవరిలో రెండేళ్ళలో ఎత్తేస్తామని చెప్పి, వాయిదాలు వేసి, 2024 జూలైలో ఆ ఆలోచనే మానుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే నిర్ణయాలు ఎటు మొగ్గుతాయో ఇక్కడ కనిపిస్తుంది. ప్రకటనల్ని, మన వెంటపడే ట్రాకర్లని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) సంగతీ అంతే. ఎక్స్‌టెన్షన్ల నియమాలు మారాక క్రోమ్‌లో అది ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం ఆండ్రాయిడ్ ఫోన్ మీద కూడా నడుస్తోంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకి వచ్చే ఆదాయంలో పెద్ద వాటా గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. ఇదీ చెప్పకుండా ఉండకూడదు.

బ్రౌజర్ పేరు మారినంత మాత్రాన లోపలి ఇంజిన్, అంటే పేజీని తెర మీద చూపించే ప్రోగ్రామ్, మారదు. ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డీ అన్నీ గూగుల్ నడిపించే క్రోమియం మీదే కట్టినవి. ఐఫోన్‌లో మన దగ్గర ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఆపిల్ వాళ్ళ వెబ్‌కిట్ ఇంజినే. యూరప్‌లో కొత్త చట్టం వచ్చాక 2024 మార్చిలో అక్కడ ఆ నియమం సడలించారు. ఇదంతా మనకెందుకు అనకండి. మా పక్కింటి అబ్బాయి ఒక పోర్టల్‌లో అప్లికేషన్ పెడుతుంటే సబ్మిట్ బటన్ ఒక్క బ్రౌజర్‌లోనే పనిచేసింది. ఆఖరి తేదీ రాత్రి పదకొండింటికి ఆ సంగతి తెలిసింది. అందరూ ఒకే ఇంజిన్ వాడుతుంటే సైట్లు కట్టేవాళ్ళు రెండోదానిలో చూడటం మానేస్తారు. క్లయింటు క్రోమ్‌లో చూస్తే చాలన్నాడని నేనూ అలా ఇచ్చేసిన సైట్లున్నాయి. ఆ తప్పు ఇప్పుడు చేయను.

మార్చినా లాభం లేదనేవాళ్ళకి ఇంకొక్కటి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన యాప్‌లన్నీ కట్టగట్టి పెట్టించడం మీద మన దేశంలో మొదట ఫిర్యాదు చేసింది పెద్ద కంపెనీలు కాదు, మామూలు వినియోగదారులు. మార్కెట్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ విచారించి 2022 అక్టోబర్‌లో 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలు పక్కనపెట్టినా ఆ జరిమానాని నిలబెట్టింది. ఆ రెండు తీర్పుల మధ్యలోనే, మన దేశంలో వాడేవాళ్ళు డిఫాల్ట్ సెర్చ్ ఇంజిన్‌ని ఎంచుకునే వీలు కల్పిస్తామని గూగుల్ ప్రకటించాల్సి వచ్చింది.

చివరిది డేటా సెంటర్. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో పెద్ద డేటా సెంటర్‌తో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది. సముద్రం కింద నుంచి వచ్చే కేబుళ్ళు కూడా ఇక్కడే ఒడ్డుకు చేరతాయంటున్నారు. మన ఊరికి అంత పని వస్తుంటే నాకూ సంతోషమే. కానీ దానికీ మీ ప్రైవసీకీ సంబంధం లేదు. మన పోర్టులో కంటైనర్ దిగినంత మాత్రాన అందులోని సరుకు మన ఊరిది అయిపోదు కదా. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో సరుకు వాళ్ళది. డేటా కూడా అంతే. ఏ ఊళ్ళో ఉందన్నది కాదు, తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఎవరు చదవొచ్చు, చెరిపేయమంటే చెరుపుతారా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా బిల్డింగ్ ఎక్కడుందని చూడదు. మన దేశంలో ఉన్నవాళ్ళకి సేవలు అందిస్తూ ఆ పని మీద వివరాలు వాడుకుంటే, విదేశంలో ఉన్న కంపెనీకీ వర్తించేలా దాన్ని రాశారు. ఒప్పుకోవడం ఎంత తేలికో, ఆ ఒప్పుదలని వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిగ్గా ఉండాలంటుంది. జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ప్రభుత్వ సంస్థలకి అందులో ఇచ్చిన మినహాయింపులు మరీ ఎక్కువన్నది నా అభిప్రాయం.

బాబాయ్ గారూ, ఆదివారం వాకింగ్ అయ్యాక కాళీమాత గుడి ఎదురుగా కూర్చుందాం. ఆండ్రాయిడ్ వాళ్ళు సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్ళి ఏ యాప్‌కి లొకేషన్, కాంటాక్టులు ఇచ్చారో ముందే ఒకసారి చూసి రండి. అక్కడే యాడ్స్ అన్నచోట అడ్వర్టైజింగ్ ఐడీ (ప్రకటనల కోసం మీ ఫోన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) డిలీట్ చేసే వీలుంటుంది, అది కలిసి చేద్దాం. ఫైర్‌ఫాక్స్ వేసుకోవాలనుకునేవాళ్ళు ఇంటి దగ్గరే దింపుకుని రండి, బీచ్ దగ్గర సిగ్నల్ సరిగ్గా రాదు. కింద వాటా అక్క కూడా వస్తానంది.