కమ్మలు తీసేశాం సరే, మేస్త్రీ కూలి సంగతేంటి?

వందనాలు. మా సంఘంలో కొందరికి ఇది నచ్చదు, అయినా రాస్తున్నా.

మొన్న ఒక సహోదరి చిన్న కమ్మలు పెట్టుకుని ఆరాధనకి వచ్చింది. వెనక బెంచీలో గుసగుసలు: "రక్షణ పొంది ఆరేళ్లయింది, ఇంకా పరిశుద్ధతలో ఎదగలేదు." బొట్టు, పువ్వులు, నగలు, సినిమా... మన కొలబద్ద ఇంతే. ఇవన్నీ బాప్తిస్మం రోజునే వదిలేస్తే, ఇక ఎదగడానికి ఏం మిగిలినట్టు?

పరిశుద్ధులై ఉండమన్న ఆజ్ఞ బైబిల్లో లేవీయకాండము 19వ అధ్యాయంలో ఉంది. దాన్ని గోడ మీద రాయించి, కింద ఉన్నది చదవం. పొలం కోసేటప్పుడు అంచులు బీదలకి వదిలెయ్యి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. చెవిటివాణ్ణి తిట్టకు. తల నెరిసినవాడి ముందు లేచి నిలబడు. తూకం రాళ్లలో మోసం చెయ్యకు. బట్టల మాట ఒకటుంది, పచ్చబొట్ల మాటా ఉంది, ఒప్పుకుంటా. కమ్మల ఊసు లేదు.

యేసు శిష్యుడు పేతురు నగల గురించి రాశాడుగా అంటారు. రాశాడు. ఆ వెంటనే సాధువైన మనసే అసలు అలంకారమనీ రాశాడు. అది వెనక బెంచీకి వినపడలేదు.

నీతిమంతులుగా తీర్చబడటం, అంటే దేవుడు మనల్ని నీతిమంతులని ఎంచడం, ఒక్కసారే, కృపవల్ల. పరిశుద్ధపరచబడటం, అంటే మన గుణం మారుతూ రావడం, బతుకంతా పట్టే పని. నమ్మినవాడు ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్నాడు సంఘ సంస్కర్త లూథర్. ఈ లోకంలోనే ప్రేమలో సంపూర్ణుడు కావచ్చన్నాడు మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ. మా అమ్మమ్మది గుంటూరు లూథరన్ సంఘం, అందుకేనేమో నాకు లూథర్ మాటే దగ్గర. పౌలంతటివాడే ఇంకా సంపూర్ణుణ్ణి కాలేదని ఫిలిప్పీయులకు రాసుకున్నాడు. నగలు తీసి లాకర్లో పెట్టొచ్చు. కోపాన్ని ఏ లాకర్లో పెడతాం?

ఇదంతా చెప్పే అర్హత నాకూ లేదు. కిందటేడు ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాల్లో నలభై రోజులూ మాంసం ముట్టలేదు. ఆ రోజుల్లోనే, మా ప్రహరీ గోడ కట్టిన మేస్త్రీకి మూడు వేలు ఇవ్వకుండా తిప్పాను. "ఈస్టర్ వెళ్లాక చూద్దాంలే మేస్త్రీ" అన్నాను. ఆయన గేటు దగ్గర నిలబడేవాడు, నేను లోపల ఉపవాస ప్రార్థనలో ఉండేవాణ్ణి.

గుడ్ ఫ్రైడే ఆరాధన అయ్యాక మనసాగక వెళ్లి ఇచ్చాను. లెక్కపెట్టుకుని, "మావాడి పరీక్ష ఫీజు గడువు సోమవారంతోనే అయిపోయిందండి" అన్నాడు. ఫైను కూడా నేనే కట్టాను.

ఆ ఈస్టర్‌కి సంఘం ముందు నిలబడి సాక్ష్యం, అంటే నా విశ్వాస అనుభవం, చెప్పాను. మాంసం మానేసిన సంగతి చెప్పాను, ఇది చెప్పలేదు.