ముడుమాల్ రాళ్లు ఏ లెక్కలోకి వస్తాయి?

విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం ఏం సాధించిందని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఇన్ని సదస్సులు, ఇన్ని పత్రాలు, ఇన్ని పీహెచ్‌డీలు అని. విశ్వవిద్యాలయాల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ బృందానికి చూపడానికి ఆ పట్టిక చాలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగంలో ఆచార్యుడిగా పనిచేసిన పురావస్తు పరిశోధకుడు కె.పి. రావు ముడుమాల్‌లో చేసిన అధ్యయనాన్ని ఆ పట్టికలో ఏ గడిలో నింపాలో మాత్రం తెలియదు.

నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున సుమారు 80 నిలువురాళ్లు, వాటి చుట్టూ చిన్న రాళ్ల వరుసలు ఉన్నాయి. ఇవి బృహత్ శిలాయుగం, అంటే పెద్ద రాళ్లతో సమాధులు, స్మారకాలు నిలిపిన కాలం నాటివి. వయసు సుమారు 3,500 ఏళ్లని అంచనా. ఉత్తరాయణం, దక్షిణాయనం మారే జూన్, డిసెంబర్ రోజుల్లో సూర్యోదయ, సూర్యాస్తమయాలు కొన్ని వరుసలకు సూటిగా వస్తాయని పరిశోధకులు చెబుతున్నారు. అది తేల్చాలంటే సరిగ్గా ఆ రోజుల్లో అక్కడ నిలబడి చూడాలి. జూన్‌లో మబ్బు పట్టిందా, మళ్లీ ఏడాది ఆగవలసిందే.

ఒక బండ మీద తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని సూచిస్తాయన్నది ఈ పరిశోధనలో ఎక్కువ పేరు పొందిన ప్రతిపాదన. గుంటల్లో చుక్కలను చూడటం తేలికే గాని, ఆ పోలిక యాదృచ్ఛికం కాదని నిరూపించడం కష్టం. పైగా నేడు సప్తర్షుల సాయంతో ధ్రువ నక్షత్రాన్ని, ఉత్తర దిక్కును గుర్తిస్తున్నట్లే నాడూ గుర్తించారనలేం; భూమి అక్షం నెమ్మదిగా దిశ మార్చుకుంటూ ఉంటుంది కనుక, ఆ కాలంలో ఉత్తర ధ్రువస్థానంలో నేటి ధ్రువ నక్షత్రం లేదు. ఖగోళ శాస్త్రజ్ఞులతో కూర్చుని తేల్చుకోవలసిన ఇలాంటి ప్రశ్నను లేవనెత్తడమే విభాగం సాధించిన విజయమని నా అభిప్రాయం. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే బయటపడిన ఇనుపయుగపు సమాధుల అధ్యయనం కూడా ఇదే కోవలోది.

స్థానికులు ఈ రాళ్లను నిలురాళ్ల తిమ్మప్పగా, ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పొలానికి అడ్డమని పెకలించే కాలంలో ఇవి ఇంతవరకు మిగలడానికి ఆ భక్తి కూడా ఒక కారణం అయి ఉండాలి. అయినా ఈ స్థలం గురించి ఆ ఊరి బడిపిల్లలు చదువుకోదగ్గ తెలుగు పుస్తకం రాయడం పరిశోధనలో భాగమని మన విభాగాలు అనుకోవు. పదోన్నతికి అది పనికిరాదు కదా.

2025లో ముడుమాల్ యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో, అంటే గుర్తింపు కోసం పరిశీలించదగ్గ స్థలాల జాబితాలో చేరింది. రామప్ప గుడికి 2021లో దక్కిన ప్రపంచ వారసత్వ గుర్తింపుతో దీన్ని కలిపి చెప్పడం తొందరపాటు. ఇక్కడి నుంచి ప్రతి రాయినీ కొలిచి, పటం గీసి, ఇలాంటి ఇతర స్థలాలతో పోల్చి వివరణ సమర్పించాలి. అది ఏళ్ల తరబడి సాగే పని. రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో చరిత్ర బోధించేవారిలో పలువురు ఏటా ఒప్పందం పొడిగింపు కోసం ఎదురుచూసే అధ్యాపకులే. వచ్చే జూన్‌కు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ఆ జూన్‌లో ముడుమాల్ సూర్యోదయాన్ని కొలుస్తానని ఎలా మాట ఇవ్వగలడు?