రెండే రెండు బోల్టులు

సబ్బు అయింది, శనగపిండి అయింది, నిమ్మచెక్క కూడా అయింది. చేతుల కంపు మాత్రం పోలేదు. పొద్దున పెరుగన్నం కలుపుకుంటే అందులోనూ పెట్రోలు వాసనే.

నా దగ్గర 1972 షెవర్లే సీ10 ట్రక్కు ఉంది. డాలస్‌లో కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి ఇదెందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది, అది వేరే గొడవ. మొన్న ఇంజన్ ఆయిల్లో పెట్రోలు వాసన తగిలింది. ఫ్యూయల్ పంపులో డయాఫ్రమ్ అనే పలచటి పొర చిరిగితే కార్బ్యురేటర్‌కి ఎక్కాల్సిన పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. వీడియోలో ఒక గడ్డపాయన "రెండే రెండు బోల్టులు, అరగంట పని" అని నవ్వాడు. ఆ నవ్వు చూసే కొత్త పంపు తెచ్చాను. దాన్ని ఇంజన్‌కి బిగిస్తారని పార్ట్స్ షాపు కుర్రాణ్ణి నమ్మించడానికే చాలాసేపు పట్టింది. పంపంటే ట్యాంకులోనే ఉంటుందని వాడి కంప్యూటర్ చెప్పిందట.

మా కాలనీ అసోసియేషన్‌కి ఇంటిముందు బండి రిపేరు కనపడకూడదు. అందుకని ట్రక్కును గ్యారేజీలోకి రివర్సులో పెట్టి, తలుపు సగం దించి, బంపర్ కింద వెల్లకిలా పడుకున్నాను. కాళ్లు బయటే ఉండిపోయాయి.

ఈ మోడల్‌కి పెట్రోలు ట్యాంకు సీటు వెనక, పంపేమో కింద. గొట్టం లాగగానే పెట్రోలు దానంతటదే నా చొక్కా చేతిలోంచి చంక దాకా వచ్చింది. గొట్టంలో పెన్సిలు దూర్చి ఆపాను. పాత పంపు ఎలాగో ఊడింది.

అసలు కథ కడ్డీది. ఈ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్లో, లోపల తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసుకీ పంపుకీ మధ్య జానెడు కూడా లేని ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. క్యామ్ తిరుగుతుంటే అది కిందికి దిగి పంపు మీటను నొక్కుతుంది. పంపు తీశాక దానికి ఆధారం లేదు, జారి నా ఛాతీ మీద పడింది. ఇప్పుడు ఒక వేలితో దాన్ని పైకి నెట్టి ఉంచి, దాని కిందికి మీట దూర్చి, పంపుకీ ఇంజన్‌కీ మధ్య పెట్టే గాస్కెట్ పొర జరక్కుండా చూసుకుంటూ, బోల్టు తిప్పాలి. దేవుడు నాకిచ్చింది రెండు చేతులే.

గ్రీజు పూస్తే అంటుకుంటుందన్నాడు గడ్డపాయన. ఆయనది ఏ మంచు ఊరో! టెక్సాస్ ఆగస్టుకి గ్రీజు నీరైపోయింది. గడ్డకడుతుందని కడ్డీకి గ్రీజు పట్టించి ఫ్రీజర్లో గోంగూర పక్కన పెట్టాను. కాసేపటికి వంటింట్లోంచి "ఏవండీ, ఈ ములక్కాడ ముక్క ఎందుకిలా నల్లబడింది?" అని కేక.

దాన్ని కాపాడుకొచ్చి మళ్లీ వేలు పెట్టాను. ఈలోగా తెనాలి నుంచి వచ్చిన మా మావయ్యగారు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నా కాళ్ల దగ్గర కూర్చున్నారు.

"అల్లుడుగారూ, మా అంబాసిడర్‌కి పంపు పోతే డ్రైవరు రోడ్డు పక్కనే మార్చేసేవాడండీ."

అంబాసిడర్లో మీట నేరుగా క్యామ్‌నే తాకుతుంది, మధ్యలో ఈ దరిద్రపు కడ్డీ ఉండదు. ఈ మాట చెప్పాలంటే ఊపిరి పీల్చాలి, పీలిస్తే వేలు కదులుతుంది. ఊరుకున్నాను. ఆయన టీ కోసం లోపలికెళ్లారు.

అప్పుడే కుక్కను తిప్పుతూ వచ్చిన ఎదురింటావిడకి సగం తలుపు కింద కదలని కాళ్లు, పెట్రోలు కంపు. "బాగానే ఉన్నావా?" అంది. "ఊఁ" అన్నాను. ఆ ఊఁ బంపర్ దాటి వెళ్లలేదనుకుంటా. ఆవిడ ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసింది.

ఫైరింజన్ సైరన్‌తో వీధంతా లేపుకుంటూ వచ్చింది. వాళ్లలో పెద్దాయన వంగి చూసి, నన్ను కాదు, ముందు ఇంజన్‌ని పలకరించాడు. ఇంజన్ బ్లాకు ముందువైపు ఒక చిన్న బోల్టుంది. అది తీసి అదే రంధ్రంలో కాస్త పొడుగుది చేత్తో బిగిస్తే, దాని కొస లోపలి కడ్డీని అదిమి పట్టుకుంటుంది. పని కాగానే మళ్లీ పాత బోల్టు. ఆయన నవ్వుతూ చేసేసి వెళ్లాడు. గడ్డపాయన వీడియోలో ఈ ముక్క లేనే లేదు, కింద కామెంట్లకి తాళం.

మావయ్యగారు ఫైరింజన్ పక్కన నిలబడి దిగిన ఫొటో తెనాలిలో అందరికీ చేరింది.

ఈ మధ్యాహ్నం అసోసియేషన్ వాళ్ల నోటీసు వచ్చింది. గ్యారేజీ తలుపు సగం తెరిచి ఉంచడం నిబంధనలకు విరుద్ధమట.