కొవ్వొత్తి చార్టు గారికి సబ్బుల కొట్టువాడి విన్నపం

మహారాజశ్రీ కొవ్వొత్తి చార్టు గారి సముఖమునకు,

గుంటూరు పట్నంబజారు నుంచి సబ్బులు, షాంపూల హోల్‌సేలు కొట్టువాడు రాసుకునే విన్నపాలు. ఉభయకుశలోపరి అనాలి గానీ, కుశలం మీ ఒక్కరిదే. వెలిగేది మీరు, కాలేది మా చెయ్యి.

మా చిన్నప్పుడు కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించేవాళ్ళం. ఇప్పుడు ఫోన్లో షేరు రేటు ఎక్కితే పచ్చగా, దిగితే ఎర్రగా చూపించే మీరు ఎర్రగా వెలగ్గానే నాకు కళ్ళ ముందు కరెంటు పోతోంది.

నేను కొన్నది నా కొట్లో ముప్ఫయ్యేళ్ళుగా అమ్ముతున్న కంపెనీ షేరే. పేరెందుకులెండి, మీరు గీసిన గీతలకి పాపం దాని తప్పేముంది! తెనాలి, సత్తెనపల్లి, చిలకలూరిపేట కిరాణావాళ్ళు నా దగ్గరే సరుకు తీసుకెళ్తారు. పత్తికి, మిర్చికి రేటొస్తే వాళ్ళు పెద్ద సబ్బు అడుగుతారు, రాకపోతే పది రూపాయల సబ్బు అడుగుతారు. ఆ పది రూపాయల సబ్బుకి రేటు పెరగదు, సబ్బే చిక్కిపోతుంది. 2024 సెప్టెంబరులో సబ్బు తయారీకి వాడే ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి ఎక్కిందా, కొన్నాళ్ళకి మా హమాలీ పెట్టె భుజానికెత్తుకుని, "తేలికైందేంది సేటూ?" అన్నాడు. కంపెనీ లెక్కలు పేపర్లో పడకముందే ఆ లెక్క మా హమాలీ భుజానికి తెలుసు.

ఇంత తెలిసినవాణ్ణి షేరు కొనేముందు ఎవర్ని అడిగాను? ఆ హమాలీని కాదు. మిమ్మల్ని.

మిమ్మల్ని నాకు పరిచయం చేసింది మా అక్క కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం, చేతిలో రెండు ఫోన్లు. ఒకరోజు కంగారుగా ఫోన్ చేసి, "మావయ్యా, హెడ్ అండ్ షోల్డర్స్ వచ్చింది" అన్నాడు. "సాచెట్లా, సీసాలా?" అన్నాను. అది షాంపూ కాదట, రేటు ఎక్కి దిగి మీలో గీసిన బొమ్మట. మధ్యలో తల, అటూ ఇటూ భుజాలు, కింద మెడ గీత. రేటు ఆ గీత తెగి కిందికొస్తే షేరు పడుతుందట. మెడ తెగితే ఎవరైనా పడతారు గదరా, దానికి చార్టెందుకు?

మీ వంశం గురించి వాకబు చేశాను. మీది బియ్యం బజారు సంబంధమట. జపాన్‌లో సకాటా ఊరి బియ్యం వ్యాపారి హొమ్మా మునెహిసా 18వ శతాబ్దంలో మీకు ప్రాణం పోశాడని చెబుతారు. ఒసాకాలోని దోజిమాలో బియ్యం బేరాలకి 1730లోనే అక్కడి సర్కారు ఒప్పుకుంది. అంటే మీరూ మాలాగా బస్తాల మధ్య పుట్టినవారే! మరి ఒక్కసారి మా మిర్చి యార్డుకి దయచేయండి. వచ్చేముందు ముక్కుకి తువ్వాలు కట్టుకోండి. అక్కడ కొనేవాడు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యిపెట్టి కాయ తీస్తాడు. తొడిమ చూస్తాడు, విరుస్తాడు, గింజ చూస్తాడు, తేమ ఉందేమోనని గుప్పిట్లో నలుపుతాడు. తేజా రకం మిర్చిలో తాలు కాయ కలిసిందేమో వెతుకుతాడు. రెండు తుమ్ములు తుమ్మి, అప్పుడు రేటు చెబుతాడు. మీ దగ్గరేమో తెరిచిన రేటు, పడిన రేటు, ఎక్కిన రేటు, మూసిన రేటు. నాలుగూ రేట్లే. కాయేదండీ?

మా నాన్నగారు రాహుకాలం చూడందే కొట్టు తాళం తీసేవారు కాదు. నేను నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఆరెస్సై, అంటే షేరు ఎంత జోరుగా ఎక్కిందో దిగిందో చెప్పే అంకె, చూడందే నేను టిఫిన్ తినను. 14 రోజుల లెక్క, 70 దాటితే జనం అతిగా కొన్నట్టు, 30 కిందికొస్తే అతిగా అమ్మినట్టు. 1978లో వైల్డర్ అనే మెకానికల్ ఇంజినీరు దాన్ని లోకానికిచ్చాడు. 70 దాటిందని అమ్మితే నా షేరు ఆరెస్సై 75 దగ్గర చాపేసుకుని పది రోజులు కూర్చుంది. రాహుకాలమైనా గంటన్నరకి పోయేది.

ఇంకోసారి మీరు పొద్దున్నే, రేటు పడకుండా ఆపుతుందనే సపోర్టు గీత కింద ఎర్రగా తెరుచుకున్నారు. "మావయ్యా, సపోర్టు తెగింది, బయటికొచ్చెయ్" అన్నాడు మావాడు. వచ్చేశాను. కొన్నాళ్ళకి బ్యాంకు నుంచి మెసేజీ, డివిడెండు పడిందని. విషయమేమంటే, ఆ రోజు ఎక్స్ డివిడెండు, అంటే ఆ రోజు నుంచి కొన్నవాళ్ళకి డివిడెండు రాదు. వాటాదారులకి పంచబోయే డబ్బు మేరకి రేటు తగ్గి మొదలైంది, అంతే. నా డబ్బు నా జేబులోకి వస్తుంటే అది చూసి దడుచుకుని పారిపోయినవాణ్ణి నేను.

అసలు కథ 2025 సెప్టెంబరుది. 3వ తారీఖు రాత్రి జీఎస్టీ కౌన్సిలు సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దించింది. అమలు 22 నుంచి. మర్నాడు మీరు పచ్చగా, నిండు గర్భిణిలా ఉన్నారు. కింద వాల్యూము, అంటే చేతులు మారిన షేర్ల లెక్క, గోపురమంత. మావాడు "బ్రేకవుట్ మావయ్యా, గీత దాటి పైకెగిరింది!" అని అరిచాడు.

సరిగ్గా అప్పుడే డిస్ట్రిబ్యూటరు కుర్రాడు ఆర్డరు పుస్తకం పట్టుకుని కొట్లోకొచ్చాడు. "22 దాటాక రా అబ్బాయ్, పాత రేటు సరుకు ఎవడు కొంటాడు?" అని పంపేశాను. బజారంతా అదే మాట. తెనాలి నుంచి ఫోను, సత్తెనపల్లి నుంచి ఫోను, ఏమీ పంపొద్దని. ఆ మూడు వారాలు నా గుమస్తా ఈగలు తోలాడు. ఆ కుర్రాణ్ణి ఉత్త చేతులతో పంపిన చేత్తోనే ఫోన్ తీసి, అదే కంపెనీ షేర్లు మళ్ళీ ఓ వంద కొన్నాను.

ఆ త్రైమాసికం అమ్మకాలు ఎట్లా ఉంటాయో దేశంలో ఎవరికైనా ముందు తెలిసిందీ అంటే నాలాంటి కొట్టువాళ్ళకే. ఆ అమ్మకాలు ఆపిందే మేము. ఆ మాట నాకు నేనే చెప్పుకోలేదండీ. మీరు పచ్చగా ఉన్నారు, నాకు చెవులు పనిచెయ్యలేదు.

ఆ తరవాత వరసగా ఎర్ర కొవ్వొత్తులు. మా ఆవిడ లెక్క చూసి, "సబ్బులమ్మి సంపాదించింది సబ్బుల్లోనే కడిగేశారు" అని కాఫీ గ్లాసు కాస్త గట్టిగా పెట్టి వెళ్ళింది.

మీతో ఇక తెగతెంపులని రాద్దామనే కూర్చున్నాను. మధ్యలో మావాడు బొమ్మ పంపాడు. కప్ అండ్ హ్యాండిలట, షేరు ఎక్కబోతోందనే గుర్తట, పిడి ఒక్కటే తయారవ్వాలట. చూస్తే కప్పులాగే ఉంది మరి.

ఇవాళ సోమవారం. రాహుకాలం తొమ్మిదింటికే వెళ్ళిపోయింది, మీరు తెరుచుకునేది 9:15కి. మిగతా సంగతులు ఇంకో ఉత్తరంలో.

చిత్తగించవలెను,
పట్నంబజారు సబ్బుల కొట్టువాడు